షేవింగ్ సబ్బులు: చేతితో చేసినవి మేలా, బజారువి మేలా?

మగవారి దినచర్యలో గడ్డం గీసుకోవడం చాలా చిన్న పని. పది నిమిషాలలో ముగిసిపోయే ఆ పనికి ఏ సబ్బు వాడుతున్నామన్న ఆలోచన చాలామందికి రాదు. దుకాణదారు చేతికి ఇచ్చినదే తెచ్చుకుంటాము. నురగ పుష్కలంగా వస్తే అదే మంచి సబ్బు అనుకుంటాము. నేను కూడా ముప్పై సంవత్సరాలు అట్లాగే గడిపాను. 2022 జనవరిలో మా నాన్నగారికి పక్షవాతం వచ్చిన తరువాత ఈ చిన్న విషయం గురించి శ్రద్ధగా ఆలోచించవలసి వచ్చింది. ఆ ఆలోచనలోను, తరువాత కొన్ని నెలలు నా ముఖం మీదనే జరిపిన పరిశీలనలోను నాకు బోధపడిన సంగతులను పాఠకుల ముందుంచడం ఈ వ్యాసం ఉద్దేశం.

మాది నరసరావుపేట. నాన్నగారు తెలుగు పండితులుగా ఉద్యోగ విరమణ చేశారు. ప్రతి ఉదయం అయిదు గంటలకు లేచి, ఇత్తడి గిన్నెలో వేడినీరు పెట్టుకొని, నిలువుటద్దం ముందు కూర్చుని గడ్డం గీసుకోవడం ఆయన నియమం. జ్వరం వచ్చిన రోజున కూడా మాసిన గడ్డంతో ఎవరికీ కనిపించేవారు కారు. అటువంటి మనిషికి కుడి చేయి, కుడి కాలు పడిపోయాయి. మాట పోయింది. కుడి చెంపకు స్పర్శ కూడా చాలావరకు నశించింది. ఆసుపత్రి నుండి ఇంటికి వచ్చిన నాలుగవ రోజున ఆయన ఎడమ చేతితో పెరిగిన గడ్డాన్ని తడుముకొని నా వంక చూశారు. ఆ చూపు నాకు అర్థమయింది. ఆనాటి నుండి ఆ పని నేను చేపట్టాను.

వైద్యులు ఒక హెచ్చరిక చేశారు. నాన్నగారు రక్తం గడ్డకట్టకుండా మాత్రలు వాడుతున్నారు కనుక చిన్న గాటు పడినా రక్తం చాలాసేపు ఆగదని, ఎలక్ట్రిక్ రేజరు వాడితే మంచిదని చెప్పారు. ఆ యంత్రాన్ని తెచ్చాము. దాని రొద వినగానే ఆయన ముఖం తిప్పుకున్నారు. రెండుమూడు సార్లు ప్రయత్నించి మానుకున్నాను. వైద్యులకు ఆ సంగతి చెబితే, ఒకే బ్లేడు గల సేఫ్టీ రేజరుతో, మిక్కిలి జాగ్రత్తగా చేయండని ఒప్పుకున్నారు.

మొదటి తప్పు, రెండవ తప్పు

మొదట నేను వాడుకొనే గొట్టం క్రీమునే ఆయనకు వాడాను. వారం తిరిగేసరికి ఎడమ చెంపకు క్రీము పూయగానే ఆయన కనుబొమలు ముడిపడసాగాయి. మంట పుడుతున్నదని గ్రహించాను. కుడి చెంపకు స్పర్శ లేదు కనుక అక్కడ ఏమీ తెలియడం లేదు. ఒక రోజు కిటికీ దగ్గర కూర్చుండబెట్టినప్పుడు ఎండ వెలుతురులో చూస్తే, కుడి చెంప ఎడమ చెంప కంటె ఎక్కువగా కంది ఉన్నది. బాధ తెలియని చెంప కావడం వలన అక్కడ నా చేయి కొంచెం బరువుగా పడుతున్నదన్నమాట.

బంధువులలో ఒకరు రసాయనాలు మానుమని, చేతితో చేసిన సహజమైన సబ్బు వాడుమని సలహా ఇచ్చారు. మంచి మాటే అనిపించింది. ఒక కుటీర పరిశ్రమవారు చేసిన షేవింగ్ సబ్బు తెప్పించాను. దాల్చినచెక్క తైలం, నారింజతొక్క తైలం కలిపిన సబ్బు. పెట్టె తెరవగానే గది అంతా ఘుమఘుమలాడింది. అయిదవ రోజుకు నాన్నగారి రెండు చెంపల మీద, మెడ మీద దద్దుర్లు లేచాయి. కుడివైపు ఒకచోట నీరు కూడా కారింది. చర్మవైద్యులు చూసి, ఇది తాకిడి వలన కలిగిన చర్మశోథ అని, సబ్బు వెంటనే ఆపమని చెప్పి లేపనం వ్రాశారు. మానడానికి మూడు వారాలు పట్టింది. ఆ మూడు వారాలూ ఆయన మాసిన గడ్డంతోనే ఉన్నారు. చూడవచ్చినవారిని లోనికి రానివ్వవద్దని ఎడమ చేతితో సైగ చేసేవారు.

నాకు చాలా పశ్చాత్తాపం కలిగింది. బజారు సరుకును అనుమానించిన నేను, సహజమన్న మాట వినగానే పరీక్షించకుండానే వాడాను. నొప్పి ఉన్నదో లేదో చెప్పలేని మనిషి మీద వాడే వస్తువును ముందుగా నా మీద పరీక్షించుకోవలసినది. ఆ పని ఆలస్యంగా మొదలుపెట్టాను.

నురగ ఎందుకు, ఎట్లా?

పరిశీలన గురించి చెప్పే ముందు సబ్బు సంగతి కొంత తెలుసుకోవాలి. నూనెలోగాని కొవ్వులోగాని ఉండే ఆమ్లాలు క్షారంతో కలిసినప్పుడు సబ్బు, గ్లిజరిన్ ఏర్పడతాయి. కాస్టిక్ సోడా వాడితే గట్టి సబ్బు వస్తుంది. కాస్టిక్ పొటాష్ వాడితే మెత్తగా, నీటిలో త్వరగా కరిగే సబ్బు వస్తుంది. మంచి షేవింగ్ సబ్బులో సాధారణంగా రెండు క్షారాలూ ఉంటాయి. అందుకే ఒంటి సబ్బు నురగ చెంప మీద త్వరగా ఆరిపోతుంది, షేవింగ్ సబ్బు నురగ వెన్నవలె నిలుస్తుంది.

నురగ స్వభావం నూనెను బట్టి మారుతుంది. కొబ్బరినూనెలో లారిక్ ఆమ్లం ఎక్కువ. దాని సబ్బుకు పెద్ద పెద్ద బుడగలతో క్షణాలలో నురగ వస్తుంది, అంత త్వరగానూ పోతుంది. పైగా చర్మంలోని సహజమైన జిడ్డును బాగా లాగివేస్తుంది. స్టియరిక్ ఆమ్లం ఎక్కువగా ఉన్న సబ్బుకు నురగ నిదానంగా వస్తుంది. బుడగలు సన్నగా, దట్టంగా ఉండి ఎక్కువసేపు నిలుస్తాయి. కొంచెం ఆముదం చేరిస్తే నురగకు జారుడుగుణం హెచ్చుతుంది. బ్లేడు చర్మం మీద తేలికగా జారడానికి పనికివచ్చేది ఈ గుణమే. చూపుకు ఎంత పెద్దదిగా కనిపించినా, వేళ్ళ మధ్య రుద్ది చూసినప్పుడు జారని నురగ వలన ప్రయోజనం తక్కువ.

ఇక క్షారగుణం. ఆరోగ్యవంతమైన చర్మం పైభాగం కొద్దిగా ఆమ్లగుణం కలిగి ఉంటుంది. దాని పి.హెచ్. ఇంచుమించు 5 ఉంటుంది. నిజమైన సబ్బు ఏదైనా, చేతితో చేసినదైనా, కర్మాగారంలో చేసినదైనా, దాని పి.హెచ్. 9 నుండి 10 వరకు ఉంటుంది. కనుక క్షారం లేని సబ్బు అని ఎవరైనా చెబితే నమ్మరాదు. ఆరోగ్యంగా ఉన్న చర్మం కొన్ని గంటలలో తన సహజస్థితికి వస్తుంది. వృద్ధుల చర్మానికి, పొడి చర్మానికి, గజ్జి తామర తత్త్వం గల చర్మానికి ఆ శక్తి తక్కువ.

గ్లిజరిన్ విషయంలో చేతిసబ్బుకు ఒక అనుకూలత ఉన్నది. పెద్ద కర్మాగారాలలో గ్లిజరిన్‌ను వేరుచేసి ఇతర పరిశ్రమలకు అమ్మడం పరిపాటి. చేతిసబ్బులో అది అట్లాగే ఉండిపోయి చర్మంలో తడిని నిలుపుతుంది. అయితే చాలా కంపెనీల షేవింగ్ క్రీములలో గ్లిజరిన్‌ను మళ్ళీ విడిగా కలుపుతారు. కనుక ఈ ఒక్క కారణంతో ఏదో ఒకదానికి పట్టం కట్టలేము.

నా పరిశీలన

అయిదు రకాలు ఎన్నుకున్నాను. ఒకటి, మెంథాల్ కలిసిన గొట్టం క్రీము. రెండు, నొక్కగానే నురగ వచ్చే డబ్బా. మూడు, పాత తరహాలో గుండ్రటి డబ్బీలో వచ్చే కర్మాగారపు గట్టి సబ్బు. నాలుగు, కేవలం కొబ్బరినూనెతో చేసిన చేతిసబ్బు. అయిదు, స్టియరిక్ ఆమ్లం, కొబ్బరినూనె, ఆముదం కలిపి, ఏ సువాసనా చేర్చకుండా చేసిన చేతి షేవింగ్ సబ్బు. వీటికి తోడుగా మన ఇళ్ళలో ఉండే కుంకుడుకాయ రసాన్ని కూడా చూశాను.

పద్ధతి ఇది. ఒక్కొక్కసారి రెండు రకాలు తీసుకొని, కుడి చెంపకు ఒకటి, ఎడమ చెంపకు ఒకటి పది రోజులపాటు వాడాను. తరువాత చెంపలు మార్చాను. బ్లేడు, నీరు, బ్రష్షు, వేళ అన్నీ ఒకటే. నాలుగుసార్లకు ఒక కొత్త బ్లేడు. గీసిన వెంటనే, ఒక గంటకు, సాయంత్రానికి చర్మం ఎట్లా ఉన్నదో పుస్తకంలో వ్రాసుకున్నాను. ఇది ఒక మనిషి ముఖం మీద జరిగిన పరిశీలన మాత్రమే. శాస్త్రీయ పరిశోధన అని చెప్పుకోను.

ఆరంభంలోనే ఒక చిక్కు ఎదురయింది. ఏ సబ్బుకూ సరిగా నురగ రాలేదు. తప్పు సబ్బుది కాదు, మా బోరునీటిది. కఠినజలంలో ఉండే కాల్షియం, మెగ్నీషియం లవణాలు సబ్బుతో కలిసి, కరగని తెల్లని తెట్టుగా మారతాయి. ఆ తెట్టు నురగను చంపడమే కాక, చర్మానికి అంటుకొని దురద కూడా పుట్టిస్తుంది. నీటిని బాగా మరగించి, చల్లారనిచ్చి, అడుగున తెల్లపొడి పేరుకున్న తరువాత పైతేట మాత్రం వంచుకొని వాడితే నురగ బాగా పెరిగింది. మరగించినంత మాత్రాన అన్ని రకాల కాఠిన్యం పోదు. శుద్ధిచేసిన త్రాగునీటితో గాని, శుభ్రంగా పట్టిన వాననీటితో గాని ఫలితం ఇంకా బాగున్నది. గడ్డానికి కావలసినది ఒక గ్లాసు నీరే కనుక ఇది ఎవరికీ భారం కాదు. సబ్బు మంచిది కాదని మార్చే ముందు నీటిని మార్చి చూడవలసినదిగా పాఠకులకు నా మనవి.

ఫలితాలు

డబ్బా నురగ చూపుకు అన్నిటికన్న ఎక్కువ. అరచేతి నిండా వచ్చింది. కాని అందులో గాలి ఎక్కువ, జారుడు తక్కువ. రెండవసారి బ్లేడు వేసేసరికి చర్మం పట్టినట్లయింది. బ్రష్షుతో రుద్దే పని లేకపోవడం తొందరలో ఉన్నవారికి సౌకర్యమే. అయితే ఆ రుద్దడంలోనే వెంట్రుకలు లేచి నిలబడి తడుస్తాయి. ఆ మేలు ఇందులో లభించదు.

గొట్టం క్రీముకు నురగ త్వరగా, దట్టంగా వచ్చింది. జారుడు కూడా బాగున్నది. కాని మెంథాల్ చల్లదనం వెనుక చిరుమంట దాగి ఉన్నది. చల్లగా ఉన్నదంటే చర్మానికి మేలు జరుగుతున్నదనుకోవడం పొరపాటు. చలువ తెలియజేసే నాడులను మెంథాల్ తట్టి లేపుతుంది, అంతే. నా చర్మానికి అది హాని చేయలేదు. నాన్నగారి పలుచని చర్మానికి సరిపడకపోవడానికి కారణం మెంథాలో, సువాసనో, మరొకటో తేల్చడం కష్టం. పెట్టె మీది జాబితాలో దినుసులు ఇరవైకి పైగా ఉన్నాయి.

కొబ్బరినూనె చేతిసబ్బు నన్ను ఆశ్చర్యపరిచింది. మన ఇంటి నూనె కనుక అదే మృదువుగా ఉంటుందని ఆశించాను. నురగ పొంగినట్లు వచ్చి, రెండు నిమిషాలలో ఆరిపోయింది. గీసిన తరువాత చెంప బిగుసుకున్నది. సాయంత్రానికి గవదల మీద తెల్లని పొట్టు లేచింది. కొబ్బరినూనె రాసుకుంటే చర్మానికి మంచిదే. అదే నూనె సబ్బుగా మారిన తరువాత దాని గుణం వేరు.

కుంకుడు రసం గురించి కొందరు పాఠకులకు కుతూహలం ఉంటుంది. సంస్కృతంలో కుంకుడుకు ఫేనిలమని కూడా పేరు. అంటే నురగ గలది. ఆ నురగకు కారణం సాపొనిన్లు. అవి తలకు పట్టిన నూనెను, మురికిని వదలగొట్టడానికి బాగుంటాయి. గడ్డానికి మాత్రం ఆ నురగ పలుచన, జారుడు లేదు. కంటిలో పడితే తీవ్రమైన మంట. పడకలో ఉన్న రోగులకు అసలే పనికిరాదు. పెసరపిండి, సున్నిపిండి కూడా స్నానానికే ఉంచుకోవలెను. ఆ నలుసుల మీద బ్లేడు నడిస్తే చర్మం గీరుకుపోతుంది.

మిగిలినవి రెండు. కర్మాగారపు గట్టి సబ్బు, వాసనలేని చేతిసబ్బు. ఈ రెండింటికీ నురగ రావడానికి బ్రష్షుతో ఒకటిన్నర నిమిషం రుద్దవలసి వచ్చింది. వచ్చిన నురగ పది నిమిషాలైనా కుంగలేదు. చివరి పది రోజులు నా భార్య ఒక చిట్కా చేసింది. ఏ గిన్నెలో ఏ సబ్బు ఉన్నదో నాకు చెప్పకుండా నురగ చేసి ఇచ్చింది. గట్టి సబ్బు సువాసన చాలా స్వల్పమైనది కనుక నేను పోల్చుకోలేకపోయాను. బ్లేడు జారడంలో తేడా చెప్పలేకపోయాను. గీసిన గంట తరువాత మాత్రం చేతిసబ్బు వాడిన చెంప కొంత తక్కువ బిగువుగా ఉన్నట్లు పది రోజులలో ఆరు రోజులు వ్రాసుకున్నాను. మిగిలిన నాలుగు రోజులు రెండూ సమానమే.

చేతిసబ్బు ఖరీదు కర్మాగారపు సబ్బుకు నాలుగింతలు. ఆరోగ్యమైన చర్మం గలవారికి ఆ తేడా కోసం అంత వెచ్చించనవసరం లేదని నా అభిప్రాయం. నేను గట్టి సబ్బునే వాడుతున్నాను. నాన్నగారికి మాత్రం వాసనలేని చేతిసబ్బు ఎన్నుకున్నాను. అందులో దినుసులు ఆరు మాత్రమే. రేపు ఏదైనా సరిపడకపోతే కారణం కనుక్కోవడం సులభం. సున్నితమైన చర్మానికి సబ్బు ఎన్నుకొనేటప్పుడు నేను ముందుగా చూసేది ఇదే. చేతితో చేశారా, యంత్రంతో చేశారా అన్నది ఆ తరువాతి మాట.

సహజమైనవి కూడా సరిపడకపోవచ్చును

చర్మానికి కలిగే ఇబ్బంది రెండు విధాలు. వస్తువు తగలగానే మంట, ఎర్రదనం కలగడం ఒకటి. ఇది క్షారం వలన, రాపిడి వలన ఎవరికైనా రావచ్చును. రెండవది అలర్జీ. ఇది వెంటనే కనిపించదు. వాడిన ఒకటి రెండు రోజుల తరువాత దురదతో, దద్దుర్లతో బయటపడుతుంది. ఒకసారి ఏర్పడితే, అదే వస్తువు ఏ రూపంలో తగిలినా తిరిగి వస్తుంది. ఈ రెండవ దానికి సువాసన ద్రవ్యాలు ముఖ్యకారణాలలో ఒకటి. దాల్చినచెక్క, లవంగం, నిమ్మ, నారింజ తైలాలు చెట్టు నుండి వచ్చినవే అయినా ఈ దోషానికి అతీతం కావు. నారింజ, నిమ్మ తైలాలు గాలి తగిలి పాతబడినకొద్దీ అలర్జీ కలిగించే గుణం పెరుగుతుంది.

నాన్నగారికి దద్దుర్లు తెచ్చిన సబ్బును నేను నా మోచేతి మడతలో పరీక్షించుకున్నాను. నాలుగవ రోజు సాయంత్రానికి అక్కడ ఎర్రబడి దురద పుట్టింది. ఈ పరీక్ష ముందే చేసి ఉంటే ఆయనకు ఆ మూడు వారాల బాధ తప్పేది.

పరీక్షించే విధానం: సబ్బు నురగను మోచేతి లోపలి మడతలో రూపాయి బిళ్ళంత మేర రాసి, అయిదు నిమిషాలుంచి కడిగివేయవలెను. రోజుకు రెండుసార్లు చొప్పున వారం రోజులు చేయవలెను. దురదగాని, ఎర్రదనంగాని కనిపిస్తే ఆ సబ్బు మానవలెను. సబ్బును రాసి కట్టుకట్టడం గాని, రాత్రంతా ఉంచడం గాని చేయరాదు. అట్లా చేస్తే మంచి సబ్బుకైనా చర్మం కందుతుంది.

ఇంట్లో సబ్బు తయారుచేయదలచినవారికి ఒక హెచ్చరిక. కాస్టిక్ సోడా, కాస్టిక్ పొటాష్ చర్మాన్ని, కళ్ళను కాల్చివేస్తాయి. పిల్లలున్న ఇంట్లో ఆ ప్రయత్నం వద్దు. చల్లని పద్ధతిలో చేసిన చేతిసబ్బును కొనేటప్పుడు అది నాలుగు నుండి ఆరు వారాలు ఆరబెట్టినదో కాదో అడిగి తెలుసుకోవలెను.

పెద్దాయన నేర్పిన పాఠం

ఇంత చేసినా నాన్నగారి మెడ మీద కొద్దిపాటి ఎర్రదనం మిగిలే ఉన్నది. ఒక వారం నేను ఊరు వెళ్ళవలసి వచ్చి, క్షౌరవృత్తిలో యాభై సంవత్సరాలు గడిపిన ఒక పెద్దాయనను ఇంటికి పిలిపించాము. నేను తిరిగివచ్చిన నాడు ఆయన పని చేస్తుండగా చూశాను. సబ్బు జోలికి పోకుండా, గోరువెచ్చని నీటిలో వేళ్ళు ముంచి, చెంపలను, మెడను నిదానంగా రుద్దుతూనే ఉన్నారు. అయిదు నిమిషాలు గడిచాయి. నాకు ఓపిక చాలక, "సబ్బు పెట్టరా పెద్దాయనా?" అని అడిగాను.

"తొందరెందుకు బాబూ? నానిన ఎంట్రుకే తెగుద్ది. నానకపోతే తోలు తెగుద్ది" అన్నారాయన.

ఆయన చిన్నతనంలో పొదిలో కత్తి, ఆకురాయి, పటిక, నీళ్ళగిన్నె మాత్రమే ఉండేవట. పల్లెలలో సబ్బు లేకుండానే నీటితో గడ్డాలు గీసేవారట. ఆ మాటలో శాస్త్రం ఉన్నది. వెంట్రుక తన బరువులో సుమారు 30 శాతం వరకు నీటిని పీల్చుకోగలదు. నీరు పీల్చుకున్న వెంట్రుక మెత్తబడి తక్కువ బలంతో తెగుతుంది. దానికి రెండుమూడు నిమిషాలైనా కావాలి. గోరువెచ్చని నీరైతే ఆ పని త్వరగా జరుగుతుంది. ఆ పీల్చుకున్న తడి ఆరిపోకుండా కాపాడడం, బ్లేడును జారనివ్వడం, ఇవే సబ్బు చేసే పనులు. నానబెట్టని గడ్డానికి ఎంత ఖరీదైన నురగ పెట్టినా ప్రయోజనం సగమే. మరునాటి నుండి నేను కూడా ముందుగా అయిదు నిమిషాలు తడుపుతున్నాను. రెండు వారాలలో ఆ ఎర్రదనం పోయింది.

మరొక మార్పు కూడా చేశాను. చరక సంహిత సూత్రస్థానంలో కేశాలు, గడ్డం, గోళ్ళు తీసుకోవడం వలన పుష్టి, ఆయుష్షు, శుచి, అందం కలుగుతాయని చెప్పబడింది. పక్షానికి మూడుసార్లు చేసుకొమ్మని కూడా అందులోనే ఉన్నది. అంటే అయిదు రోజులకొకసారి. నాన్నగారి అభిమానానికి అయిదు రోజులు ఎక్కువ. చర్మానికి ప్రతిరోజు ఎక్కువ. కనుక రోజు విడిచి రోజు అని నిర్ణయించుకున్నాము. చర్మం ఎర్రబడే తత్త్వం గల పాఠకులు ఈ ఒక్క మార్పు చేసి చూడవలసినదిగా కోరుతున్నాను.

ఆచరించదగిన పద్ధతి

ముందుగా ముఖాన్ని గోరువెచ్చని మంచినీటితో మూడు నుండి అయిదు నిమిషాలు తడపవలెను. స్నానం చేసిన వెంటనే అయితే మరీ మంచిది.

బ్రష్షును నానబెట్టి, నీరు కొంత విదిలించి, సబ్బు మీద అర నిమిషం తిప్పి, తరువాత ముఖం మీద చుక్కచుక్కగా నీరు చేర్చుకుంటూ నురగ చేయవలెను. వేళ్ళ మధ్య జారే వరకు నీరు చేర్చవచ్చును. జంతువుల వెంట్రుకల బ్రష్షు వద్దనుకొనేవారికి కృత్రిమ పోగుల బ్రష్షు బాగా పనిచేస్తుంది. వాడిన తరువాత కడిగి ఆరబెట్టవలెను.

వెంట్రుక మొలిచిన దిక్కుకే బ్లేడు నడపవలెను. మెడ మీద ఎదురు గీయరాదు. నున్నదనం కోసం ఎదురు గీసినప్పుడు తెగిన వెంట్రుక చర్మంలోకి తిరిగి పెరిగి పొక్కులు లేస్తాయి.

చర్మం మరీ పొడిగా ఉన్నవారు సబ్బుకు ముందు నాలుగైదు చుక్కల కొబ్బరినూనె రాసుకోవచ్చును. ఎక్కువైతే నురగ విరిగిపోతుంది.

గీసిన తరువాత చల్లని నీటితో రెండుసార్లు బాగా కడిగి, రుద్దకుండా అద్దుకోవలెను. ఆపై కలబంద గుజ్జు పలుచగా రాయవచ్చును. ఆకు కోసిన వెంటనే కారే పసుపుపచ్చని రసం చర్మానికి దురద పుట్టిస్తుంది. దానిని పూర్తిగా కారనిచ్చి, కడిగి, లోపలి తెల్లని గుజ్జు మాత్రమే తీసుకోవలెను. సానమీద తీసిన మంచిగంధం కూడా చలువ చేస్తుంది. ఏది వాడినా మోచేతి పరీక్ష తప్పనిసరి.

పటిక చిన్న గాట్లకు మంచిది. తడిపి గాటు మీద అద్ది, నిమిషం తరువాత కడగవలెను. ముఖమంతా రోజూ రుద్దితే చర్మం ఎండిపోతుంది. ఒకరి పటిక, బ్లేడు మరొకరు వాడరాదు. రక్తం ద్వారా కామెర్ల వ్యాధి క్రిములు సోకే ప్రమాదం ఉన్నది. రక్తం గడ్డకట్టకుండా మాత్రలు వాడేవారికి గాటు పడితే, శుభ్రమైన గుడ్డతో కొన్ని నిమిషాలు వదలకుండా అదిమి పట్టవలెను.

గడ్డం గీసుకున్న తరువాత నిమ్మరసం రాసుకొనే అలవాటు కొందరికి ఉన్నది. అది వెంటనే మానవలెను. నిమ్మరసం తగిలిన చర్మం మీద ఎండ పడితే కాలినట్లు పొక్కి, నెలల తరబడి నల్లమచ్చలు మిగులుతాయి.

దద్దుర్లు తగ్గకపోయినా, నీరు కారినా, చీము పట్టినా చిట్కాలతో కాలక్షేపం చేయక వైద్యునికి చూపించవలెను. చక్కెరవ్యాధి గలవారి విషయంలో ఆలస్యం అసలే తగదు. స్పర్శ లేని, మాట లేని రోగులకు గడ్డం గీసేవారు, పని ముగిసిన తరువాత మంచి వెలుతురులో రెండు చెంపలనూ పరికించి చూడవలెను. బాధను వారు చెప్పలేరు కనుక మన కళ్ళతోనే కనిపెట్టాలి.

ఇప్పుడు నాన్నగారికి రోజు విడిచి రోజు ఉదయం ఏడు గంటలకు కిటికీ దగ్గర కుర్చీ వేస్తాము. అదే ఇత్తడి గిన్నె. నేను తడపడం పూర్తయ్యే వరకు ఆయన కళ్ళు మూసుకొని ఉంటారు. బ్రష్షు ఎడమ చేతికి ఇస్తే ఎడమ చెంపకు నురగ తానే పెట్టుకుంటారు. కుడి చెంపకు నేను పెడతాను. అంతా అయిన తరువాత ఆయన ఎడమ అరచేతితో రెండు చెంపలూ తడుముకొని, ఎక్కడైనా గరుకు తగిలితే అక్కడ వేలు పెట్టి చూపుతారు.